సబ్బు మెత్తిన ట్యాంకు

మా ఇంజను బోటులో డీజిల్ ట్యాంకు కారుతోందని మొదట చెప్పింది నేనే. ఈ మాట ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా రాస్తాను.

బోటు నా భర్తకీ ఆయన అన్నకీ ఉమ్మడి. సాగర్ జలాశయంలో వాళ్లిద్దరూ వల వేస్తారు, నేను మాచర్ల వీధుల్లో చేపలు అమ్ముతాను. ఇనుప ట్యాంకు బోటు అడుగునే, ఇంజను పక్కన ఉండేది. అడుగున ఎప్పుడూ కాసిని నీళ్లు నిలుస్తాయి. ఆ తడికి ట్యాంకు కింది అంచు తుప్పు పట్టి, చెమట పోసినట్టు డీజిల్ ఊరేది. చేపలు పోసేది ఆ నీళ్లలోనే.

కొత్త ట్యాంకు వేయించమన్నాను. మా బావ బోటు పనికి రాకముందు ట్రాక్టర్ తోలేవాడు. బట్టల సబ్బు పిసికి చిల్లికి మెత్తాడు.

"పొలంలో ట్యాంకు కారితే ఏం చేస్తాం అమ్మాయ్? సబ్బు పెడితే పంటకాలమంతా లాగుద్ది."

"ట్రాక్టర్ కింద నీళ్లుండవు గదా బావా. ఇక్కడ కరగదా?"

"ఏరా, నీ పెళ్లాం ఎప్పుడు మెకానిక్ అయ్యింది? షెడ్డు పెట్టిద్దాం, కొబ్బరికాయ నేనే కొడతా."

నా భర్త నవ్వాడు. మా బావ మాట కంటే ఆ నవ్వే నాకు ఎక్కువ గుర్తు.

సబ్బు కరిగేది, మళ్లీ మెత్తేవాడు. అలాగే నెలలు గడిచాయి.

మాచర్లలో ఒక పెద్దావిడ నా దగ్గర తప్ప చేప కొనేది కాదు. ఎండన పడి వెళ్తే గంప దింపించి, అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది. ఆమె పోయింది. చిన్నకర్మ నాడు ఆమెకి ఇష్టమైన పులుసు పెట్టాలి, బొచ్చె చేప తెమ్మని ఆమె కొడుకు కబురు చేశాడు. ముందు రోజే మా బావను నిలదీశాను.

"కొత్తగా సబ్బు మెత్తా. చుక్క కారట్లేదు, తీసుకపో," అన్నాడు.

తెల్లారి చేప కడిగి వాసన చూశాను. నీచు వాసన తప్ప ఏమీ తెలియలేదు. నా ముక్కు డీజిల్‌కి అలవాటు పడిపోయింది. పచ్చి చేపలో అణిగి ఉన్న వాసన పులుసు మరిగితే గానీ లేవదు కూడా.

పోయినవాళ్లకి పెట్టిన ముద్దను కాకి ముట్టాలి. ముట్టకపోతే ఆ ప్రాణానికి తృప్తి కలగలేదని అర్థం. ఆ రోజు నేనూ వాళ్ల వాకిట్లోనే నిలబడి ఉన్నాను. పిట్టగోడ మీద విస్తరి పెట్టారు. కాకులు వాలాయి, ఎగిరిపోయాయి. మళ్లీ వాలాయి, మళ్లీ పోయాయి. ఎండ నెత్తికెక్కినా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. చివరికి పులుసు తీసేసి గారె పెడితే ఒక కాకి ముట్టింది.

ఆమె కొడుకు పులుసు గిన్నె తెచ్చి నా ముందు దించాడు.

"వాసన చూడవే. బంకులో పట్టావా వీటిని? మా అమ్మ నీకు మజ్జిగ పోసింది. నువ్వు ఆమెకి డీజిల్ పోశావు."

"అగ్గిపెట్టె దూరంగా పెట్టండ్రోయ్," అన్నాడు చుట్టాల్లో ఒకడు. చావింట్లో నవ్వారు.

బోటులో ట్యాంకు కారుతోందని చెప్పబోయాను.

"కారతందని తెలిసే తెచ్చావా?" అన్నాడు.

ఖాళీ గంప ఎత్తుకుని వాకిలి దాటాను.

ఇంటికి వచ్చి మా బావను ఒక్కటే అడిగాను. ఆ ఇంటికి వచ్చి, సబ్బు మెత్తింది తనేననీ, కారట్లేదని చెప్పి పంపింది తనేననీ వాళ్ల ముందు చెప్పమన్నాను.

"కాకి తినకపోతే నేను సంజాయిషీ చెప్పాలా? ఏంది నీ గోల?"

"పోనీలేవే," అన్నాడు నా భర్త. ఆ రోజు నుంచి మా బావకి అన్నం వడ్డిస్తాను గానీ మాట్లాడను.

తర్వాత ట్యాంకు మార్చారు. తుప్పు పట్టని ప్లాస్టిక్‌ది తెచ్చి, నీళ్లు తగలకుండా చెక్కల మీద ఎత్తి బిగించారు. చేపలకి వేరే డబ్బా పెట్టారు. తనే మార్పించానని మా బావ రేవులో చెప్పుకుంటాడు.

ఆ పెద్దావిడ వీధిలో మాత్రం నా గంప దించనివ్వలేదు. నేనూ మానలేదు. నా కేక వినగానే తలుపులు మూసుకుంటున్నా, వానలు పడేదాకా రోజూ ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను. ఒక్కరు పిలవలేదు.

ఇప్పుడు అక్కడికి మా బావ భార్య వెళ్తోంది. అదే బోటు, అవే చేపలు. ఆ ఇంటివాళ్లూ కొంటున్నారు. "ఇవి ఆ డీజిల్ ఆమె చేపలు కాదు గదా?" అని అడిగి మరీ కొంటారట. కాదని చెప్తుందట. ఈ సంగతి నాకు చెప్పింది కూడా మా తోడికోడలే, నా పొయ్యి దగ్గర కూర్చుని, నేను పోసిన టీ తాగుతూ.