మా గల్లీకి వచ్చిన మద్రాసు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిని ఎన్నిసార్లు రాసి పంపినా ఇంతవరకు ఏ పత్రికా అచ్చు వేయలేదు. అందిందని కూడా ఎవరూ చెప్పలేదు. ఈ మధ్య ఒక సాహిత్య పత్రికలో పెద్ద వ్యాసం వచ్చింది. తెల్లదొరలు వెళ్లిపోయాక మన నవలల్లో నగరాలను ఎలా చూపించారన్నది దాని విషయం. అందులో మద్రాసు ఉంది, బొంబాయి ఉంది, కలకత్తా ఉంది. మా నిజామాబాద్ లేదు. సరే, రాసినవాళ్లు లేకపోతే వ్యాసకర్త ఏం చేస్తాడని మీరనవచ్చు. కానీ మా ఊరిని నవలల్లోకి ఎక్కించిన మనిషి ఒకామె ఉంది. అందుకే మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను.

మేము స్టేషన్ వెనక గల్లీలో ఉండేవాళ్లం. బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడు. అవ్వ బీడీలు చుట్టేది. మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. మధ్యాహ్నం అన్నాలయ్యాక గల్లీలోని ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని పక్కింటి అక్క వాకిట్లో నీడపట్టున కూర్చునేవారు. తడిపిన తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. ఆ పనికి చేతులు చాలు. చెవులు ఖాళీగానే ఉంటాయి. ఆ చెవుల కోసం పక్కింటి అక్క అద్దె నవల తెచ్చి పైకి చదివేది. వాళ్లలో చదువు వచ్చింది ఆమె ఒక్కతికే. చదివినంతసేపు చుట్టదు కనుక, లేచేటప్పుడు తలా కొన్ని బీడీలు ఆమె చాటలో వేసి వెళ్లేవారు. భర్త పోయి, పసిపిల్లతో ఉన్న ఆమెకు ఆ బీడీలే ఆసరా.

ఆ ఎండాకాలం నడుస్తున్న నవలలో ఒక పల్లెటూరి పిల్లగాడు పని వెతుక్కుంటూ రైలు దిగుతాడు. దిగింది మా స్టేషన్లోనే. గాంధీ చౌక్ దాటి, ఖిల్లా వైపు నడిచి, బోధన్ రోడ్డు మీద చెరకు బండ్ల మధ్య నుంచి తప్పుకుంటూ పోతాడు. దాహమై ఒక వాకిట్లో నిలబడితే ఆ ఇంటామె చెంబెడు నీళ్లిచ్చి, గింత ఎండల నెత్తిమీద తువ్వాల లేకుంట తిరుగుతవా అని తిడుతుంది. నేను సాయంత్రం పూట ఆ రోడ్డంతా తిరిగి ఆ వాకిలి ఏదో వెతికేవాణ్ని.

ఒకరోజు పాప ఏడిస్తే అక్క లోపలికి వెళ్లింది. చదవడం కొత్తగా పట్టుబడిన రోజులు. నేను పుస్తకం తెరిచాను. అందులో స్టేషన్ మద్రాసుది. దొరలు కట్టిన ఎర్ర మేడలు, ట్రాము, సముద్రం. బోధన్ రోడ్డు ఎక్కడా లేదు. నీళ్లిచ్చిన ఆమె అసలే లేదు. నాకు దుఃఖం, కోపం రెండూ వచ్చాయి.

"అవ్వా, అక్క అబద్ధం సదువుతున్నది! గీండ్ల మన ఊరు లేనే లేదు!" అని అరిచాను.

చేతులన్నీ ఆగిపోయాయి. బోధన్ పక్క పల్లె నుంచి వచ్చి మా గల్లీలో స్థిరపడిన పెద్దమ్మ ఒకామె ఉండేది, నోరు గట్టిది. అక్క బయటికి రాగానే అందుకుంది. "ఏందే, గిన్నొద్దులు మమ్ములను ఆగం జేసినవా? మా బీడీలు పుక్కట్ల తింటున్నవా?"

నా మాటతో అక్క చాట ఆ రోజు నుంచి ఖాళీ కావచ్చని నాకు అప్పటికి తెలియదు. అక్కకు తెలుసు. అయినా మొహం చిన్నబుచ్చుకోలేదు. పాపను భుజాన వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. "సదువు బిడ్డా. ఉన్నదున్నట్టు సదువు. అందరు ఇంటరు" అంది.

చదివాను. ట్రాము అంటే ఏందిరా అని ఒకామె అడిగింది, తెలియదన్నాను. సముద్రం ఆ స్టేషనుకు ఏ దిక్కున ఉన్నదని ఇంకొకామె అడిగింది, అదీ తెలియదు. నవలలో ఆ పిల్లగాడు దాహంతో రోడ్డు మీద పడిపోయాడు. జనం అతన్ని దాటుకుంటూ వెళ్లిపోయారు. నగరం ఎవరినీ పట్టించుకోదని రచయిత రాశాడు.

అవ్వ చాట కింద పెట్టింది. "ఒక్కరు గూడ లేపలేదారా?"

"బుక్కుల లేదవ్వా."

పెద్దమ్మ ఊరుకోలేదు. "నేను గీ ఊరికి అచ్చిన్నాడు స్టేషన్ కాడ కూసోని ఏడుస్తుంటె, చాయ్ అమ్మెటామె లేపి, మొకం కడిగిచ్చి, ఇల్లు సూపెట్టింది. గదెందుకు రాయలేదు? గా రాసినాయన ఎన్నడన్న రైలు దిగిండా, కిటికీలకెల్లి సూసి రాసిండా?"

అందరూ నవ్వారు. అప్పుడు అక్క నెమ్మదిగా చెప్పింది. "ఆయనకు కనవడ్డ ఊరు ఆయన రాసిండు. మనం బతుకుతున్న ఊరు నేను సదివిన. సెప్పకుంట సదువుడు నా తప్పే. ఇగ నుంచి రెండు సదువుత. ముందు ఆయనది, ఎనక మనది. ఏది నిజమో మీరే తేల్చుండ్రి."

ఆ సాయంత్రం లేచేటప్పుడు అక్క చాటలో మొదటి బీడీలు వేసింది పెద్దమ్మే. "రెండు కతలకు రెండు పిడికిళ్లు. ఎక్కువ ఆశపడకు" అంటూ వేసింది.

ఆ తర్వాత అక్క వాకిట్లో జరిగినంత మంచి సాహిత్య చర్చ నేను ఏ సభలోనూ వినలేదు. ప్రతిసారీ మా ఊరే గెలవలేదు. ఇంటి యజమాని కిరాయిదార్ల మీద అరిచే చోటు వస్తే, గిది మాత్రం ఆయన కరెక్ట్ రాసిండు, మనోడు ఇంక ఎక్కువ అరుస్తడు అని అందరూ ఒప్పుకున్నారు.

తెల్లదొరలు పోయారు గానీ, బయట నిలబడి ఊరిని చూసే వాళ్ల చూపు మన రచయితల్లో చాలామందికి మిగిలింది. నగరం మింగుతుంది, నగరం చెడగొడుతుంది. మింగుడుపడకుండా బతికి, అద్దె గదిలో పొయ్యి పెట్టుకుని, పిల్లలను బడికి పంపిన వాళ్లు ఆ చూపుకు ఆనరు. కొన్నేళ్ల కింద హైదరాబాద్ నుంచి ఒక రచయిత వచ్చాడు. రోజంతా వెంట ఉండి బోధన్ చూపించాను. మూతపడ్డ ఫ్యాక్టరీ పక్కన ఇప్పటికీ ఉంటున్న కుటుంబాలతో మాట్లాడించాను. కథ వచ్చింది. అందులో ఊరికి పేరు లేదు, మనుషులు లేరు, తుప్పు ఒక్కటే ఉంది. అలా ఎందుకు రాశారని అడిగాను. ఆయన ఇప్పటికీ జవాబివ్వలేదు. నేను మరచిపోలేదు.

పక్కింటి అక్క పోయి చాలా కాలమైంది. ఏ నవల తెరిచినా నేను రెండుసార్లు చదువుతాను, ముందు రాసినాయన ఊరు, తర్వాత నాకు తెలిసిన ఊరు. ఎవరి మేడలను చూసినా, ఎవరి సముద్రాన్ని చూసినా చిన్నబోకుండా చదవడం నాకు ఆమె నుంచే వచ్చింది.

ఇక ఆ వ్యాసం రాసిన పెద్దమనిషికి, దాన్ని వేసిన సంపాదకుడికి నా ప్రశ్న ఒక్కటే. కాగితం మీద ఒక్క అక్షరం పెట్టకుండా, బీడీలు చుట్టే ఆడవాళ్ల ముందు నగరాన్ని తిరగరాసిన ఆ మనిషిని మీరు రచయితగా లెక్కిస్తారా, లెక్కించరా? లెక్కించకపోతే కారణం రాయండి. స్థలాభావం అని మాత్రం రాయకండి.