బాల్యా మూడు బూరల హారన్

బాల్యా మీద మూడో ఫిర్యాదు 1992 వానాకాలం నాట్లప్పుడు వచ్చింది. సూర్యాపేట మార్కెట్లో వడ్లు దించి వస్తున్న ఒక లారీ డ్రైవర్, మిర్యాలగూడలోని శ్రీపతి సేటు రైసుమిల్లు ముందు బండి ఆపి మరీ చెప్పిపోయాడు. మీ పికప్ వాడు మైలు పొడుగునా హారన్ కొట్టినా పక్కకు జరగడు, వెనక ఇరవైమంది ఆడకూలీలను ఎక్కించుకుని రోడ్డంతా తనదే అన్నట్టు పోతాడు, ఏదో ఒకరోజు వాళ్ల ప్రాణం మీదికొస్తుంది అన్నాడు.

శ్రీపతి బాల్యాను పిలిపించాడు. తండావాడి చేతికి స్టీరింగ్ ఇచ్చి తప్పు చేశానన్నాడు. బాల్యా ముఖంలో ఏమీ మారలేదు. సేటు కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చి, చివరి మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

“ఇంకొక్కడు గిట్ల నా గేటు కాడికి వచ్చిండంటే, తాళంచెవి గీడ పెట్టి మళ్ల హల్లర్ కాడికి పో. సమజైందా?”

సమజైంది. హల్లరంటే వడ్లను బియ్యం చేసే యంత్రం. త్రిపురారం దగ్గరి తండా నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చి బాల్యా తొమ్మిదేళ్లు దాని పక్కనే నిలబడ్డాడు. పక్కవాడితో మాట్లాడాలంటే చేతులతో సైగలు చేసుకోవాలి. మిల్లు ఆపాక కూడా తల లోపల అది తిరుగుతూనే ఉండేది. మిల్లు ఆవరణలో బండిని ముందుకూ వెనక్కూ జరుపుతూ డ్రైవింగ్ నేర్చుకున్నాడు. లైసెన్స్ తెచ్చుకున్నాడు. తండాలో స్టీరింగ్ పట్టిన మొదటి మనిషి. పొద్దున ఆడవాళ్లను నాట్లకు దించడం, పగలు బస్తాలు మోయడం, సాయంత్రం వాళ్లను తండాకు చేర్చడం. ఊక దుమ్ము లేని గాలి పీలుస్తూ చేసే పని అతనికి అదొక్కటే దొరికింది. దాన్ని పోగొట్టుకుని మళ్లీ హల్లర్ దగ్గరికి పోవడం కన్నా అతనికి పెద్ద భయం లేదు.

లారీవాళ్లు అబద్ధమాడుతున్నారని అతని నమ్మకం. వెనక నుంచి ఎవరూ హారన్ కొట్టడం లేదు, సందు చూసి మీదికి తోసుకొస్తున్నారు, అంతే. ఎందుకంటే తన బండి హారన్‌లో పస లేదు. ఏడాదిగా అది నీరసపడిపోతోందని అతనికి తెలుస్తూనే ఉంది. కీచుమనే బండిని రోడ్డు మీద ఎవడు లెక్కచేస్తాడు? లారీలకు వేసే హారన్ తన బండికి వేయిస్తే మర్యాద అదే వస్తుందనుకున్నాడు. కుడివైపు అద్దం పగిలి ఏడాదైనా సేటు వేయించలేదు. ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

రెండు రోజుల తర్వాత హుజూర్‌నగర్ దాటాక ఒక మడిలో నాట్లు దొరికాయి. ఆడవాళ్లను అక్కడ దించి బాల్యా కోదాడ పోయాడు. బస్టాండు అవతల లాజరుది బ్యాటరీలు, లైట్లు, హారన్లు చూసే చిన్న షాపు. నలభై ఏళ్ల మనిషి, తొందర లేనివాడు. అతను ముందుగా బండిలోకి ఎక్కి పాత హారన్ నొక్కి చూశాడు. అది శుభ్రంగా మోగింది. ఎదురుగా సోడాలు తాగుతున్నవాళ్లు తిరిగి చూశారు.

లాజరు హారన్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పళ్లెంలా ఉండేది ఒకటి. నత్తగుల్లల్లా చుట్టుకున్న జంట ఒకటి. ఒక్కోదానికి బ్యాటరీ తగిలించి మోగించాడు. బాల్యా రెండింటికీ పెదవి విరిచాడు. చివరికి మూడు బూరల ఎయిర్ హారన్ దింపాడు. చిన్న మోటారు గాలి కొడితే ఒకదాని వెనక ఒకటి మూడు గొంతులు లేస్తాయి. అది మోగగానే పక్క షాపు మేక తాడు తెంపుకుని పోయింది. బాల్యా మాత్రం బూర మీద అరచెయ్యి ఆనించి, పాత స్నేహితుడి గొంతు విన్నవాడిలా నవ్వాడు.

లాజరు వైర్లు తెచ్చే నెపంతో అతని వెనక్కి పోయి నిలబడ్డాడు. పేరు పెట్టి పిలిచాడు. మరో రెండుసార్లు పిలిచాడు. తర్వాత వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“అన్నా, నీ పాత హారన్‌కి ఏ రోగమూ లేదు. మూడుసార్లు పిలిచాను నిన్ను. ముందు అద్దం వేయించుకో. హారన్ ఎదుటోడికి వినపడుద్దిగానీ, ఎదుటోడిది నీకు తెచ్చిపెట్టదు.”

బాల్యా ముఖం ఎర్రబడింది. షాపు సామాను అమ్ముకోవడం చేతకాకపోతే మూసుకొమ్మన్నాడు, బిగిస్తావా లేదా అన్నాడు. లాజరు బిగించాడు. బంపర్ వెనక ఇనుప పట్టీ వేసి బూరలు కూర్చాడు, రబ్బరు గొట్టం తొడిగాడు, బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగాడు. పని ఎక్కడా తగ్గించలేదు.

నాలుగింటికల్లా నాటు అయిపోయింది. మడి గట్టు దగ్గర బాల్యా కొత్త హారన్ నొక్కితే కొంగలన్నీ ఒక్కసారే లేచాయి. ఆడవాళ్లు చెవులు మూసుకుని తిట్టుకుంటూ నవ్వారు. నీ మొగుడు పెళ్లి బాజా కొనుక్కొచ్చిండు, రెండో పెళ్లి గిట్ల ఉందేమో అడుగు అని గౌరీబాయి చాందీని ఆట పట్టించింది. చాందీ బాల్యా భార్య. ఆమె నవ్వలేదు. అతని ముఖం చూసి, వెనక ఎక్కకుండా వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

కొంతదూరం పోయాక బాల్యా బండిని పక్కకు ఆపి, తమ లంబాడీ మాటలో అడిగాడు.

“ఎనక లారీ వస్తే నాకు ఇనపడ్తలేదా?”

చాందీ అతనికి కనిపించేలా అవునని తల ఊపింది. అప్పుడు చెప్పింది. ఏడాది నుంచి వెనక లారీ వచ్చినప్పుడల్లా క్యాబిన్ కప్పు మీద రెండు దెబ్బలు కొట్టింది ఆమే. ఆమె లేని రోజున గౌరీబాయి కొట్టేది. ఆ అదురు అతని భుజాలకు తగిలేది, బండి దానంతట అదే పక్కకు జరిగేది. ఆడవాళ్లు పాటకు దరువేస్తున్నారనుకున్నాడు బాల్యా. నెల కింద, కప్పు సొట్టలు పడిందని సేటు కసిరితే, చేతులు కట్టుకుని కూర్చోండని వాళ్ల మీద అరిచాడు. వాళ్లు మానేశారు. మొదటి ఫిర్యాదు ఆ వారమే వచ్చింది.

“అప్పటి సంది మేమే కొంగు ఊపి లారోళ్లను ఆగుమంటున్నం. కొందరు ఆగుతరు, కొందరు ఆగరు.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే బండి దిగుతవ్. దిగితే ఆ హల్లర్ కాడికే పోతవ్.”

ఆమె చేసింది ఒప్పని నేననను. ఇరవైమంది ప్రాణాలను చేతిదెబ్బల మీద నడిపారు. కానీ వాళ్లకు ఇంకో దారి ఎవరు చూపించారు? మిల్లు బెల్టులో వేలు పడితే రక్తం కనిపిస్తుంది, నలుగురు పోగవుతారు, యజమాని దవాఖానకైనా పంపుతాడు. చెవి పోతే రక్తం రాదు. రక్తం రాని గాయానికి సాక్ష్యం చెప్పేవాళ్లుండరు.

చాందీ వెనక్కి పోయి క్యాబిన్ పట్టుకుని నిలబడింది. మిర్యాలగూడ దాకా ఆ కప్పు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి, బండి పక్కకు జరుగుతూనే ఉంది. తండా దారి పట్టకుండా బాల్యా నేరుగా మిల్లు ఆవరణలోకి పోనిచ్చాడు.

కరెంటు పోయి మిల్లు ఆగి ఉంది. హల్లర్ మీద పనిచేసే ముగ్గురు గేటు వైపు వీపు పెట్టి మెట్ల మీద కూర్చున్నారు. మల్సూర్, రామనర్సయ్య పాతవాళ్లు. మూడోవాడు నెల కిందే చేరాడు. శ్రీపతి కాంటా పక్కన నిలబడి ఉన్నాడు. లారీవాళ్లు చెప్పింది నిజమేనని బాల్యా అతనితో చెప్పాడు. తనకు వినపడదన్నాడు. శ్రీపతి తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

“ఇస్త సేటు. గని మళ్ల ఆ హల్లర్ కాడికి పంపకు. నా చెవులు ఆడనే పోయినయ్.”

“అందరు చేస్తలేరా? నీకొక్కనికే పోయినయా?”

బాల్యా బండిలోకి చెయ్యి పెట్టి హారన్ నొక్కాడు. మూడు బూరలూ ఆవరణను చీల్చినట్టు మోగాయి. రేకుల మీది పావురాలు లేచిపోయాయి. శ్రీపతి రెండు చెవులూ మూసుకున్నాడు. నెల కింద చేరినవాడు ఉలిక్కిపడి లేచాడు. మల్సూర్ అరచేతిలో పొగాకు నలుపుతూనే ఉన్నాడు. రామనర్సయ్య తువ్వాల దులుపుకుంటున్నాడు. బాల్యా ఇంకోసారి, ఈసారి చాలాసేపు నొక్కాడు. ఆ రెండు తలలూ తిరగలేదు.

“సూస్తున్నవా సేటు” అంది బండి మీంచి చాందీ.

శ్రీపతి చెవుల మీంచి చేతులు తీశాడు. మల్సూర్‌ను తనే పిలిచాడు. రెండోసారి పిలిచేటప్పటికి అతని గొంతులో గద్దింపు లేదు. తాళంచెవి అడగడం మరిచిపోయాడో, మానుకున్నాడో, గుమాస్తాను పిలిచి బండికి అద్దాలు తెమ్మన్నాడు.

పోయిన చెవులకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. హల్లర్ దగ్గర పనివాళ్లకు దూది ఇవ్వడం మొదలుపెట్టి దాన్నే దయ అన్నారు. బాల్యాకు పెద్ద రోడ్డు బంద్ చేశారు. కాలువ గట్టు దారుల్లోనే నడపాలి. అద్దాలు వేయించాక కూడా, రెండు చేతులు కప్పు మీద లేనిదే బండి కదిలించనని బాల్యానే షరతు పెట్టాడు. మరో ఆరేళ్లు అలాగే నడిపాడు. కప్పు నిండా సొట్టలు పడ్డాయి. శ్రీపతి వాటి సంగతి మళ్లీ ఎత్తలేదు.