కంచెకు రెండు కొసలు

మా మామయ్య తను తోలుతున్న బుల్డోజర్‌కి తనే అడ్డంగా పడుకుని, దాన్ని ఆపి, మళ్ళీ లేచి ఇంటికి తోలుకొచ్చాడు. నమ్మనివాళ్ళు ఇక్కడే పేజీ తిప్పేయండి. తొమ్మిదో తరగతిలో లెక్కల పుస్తకాన్ని వదిలేశాను గాని, మావాళ్ళ గొప్పలు చెప్పే పనిని మాత్రం ఏనాడూ వదల్లేదు.

మామయ్య పని కంచెలు తియ్యడం. తీగ కంచెలు కావు. పొలానికీ పొలానికీ మధ్య తాతల నాటి నుంచి పెరిగిన ముళ్ళపొదల గోడలు. మనిషి ఎత్తు, బండి వెడల్పు. కోత యంత్రాలు పెద్దవయ్యాక ఈ పొదలు అందరికీ అడ్డమయ్యాయి. నాలుగు పొలం చెక్కలు కలిపి ఒక్క మైదానం చెయ్యాలంటే మామయ్యకే కబురు. ఆయన ఆవలిస్తే చాలు, కంచెలు వాటంతటవే వేళ్ళు పీక్కుని పక్కకు జరిగేవని నేను నలుగురికీ చెబుతుంటాను.

ఆయనకో పద్ధతి ఉండేది. ముందు ఒక కొస నుంచి తోసుకొస్తాడు, తర్వాత అవతలికి వెళ్ళి రెండో కొస నుంచి తోస్తాడు, నడుమ మిగిలిన ముక్కను చివర్లో ఒక్క ఊపులో లేపేస్తాడు. మొద్దులు రెండు కుప్పలుగా పడతాయి, లారీకి ఎత్తడం తేలిక. ఈ కిటుకు తనదేనని మీసం తిప్పేవాడు. మీసం అంతగా లేదు గాని, తిప్పడం మాత్రం ఉండేది.

మా అత్తయ్య పెరట్లో తేనెటీగలను పెంచుతుంది. ఆ ఈగలకు తిండి ఈ కంచెల పూలే. పంట పూత మూన్నాళ్ళ ముచ్చట. పొదల్లో మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. అంటే మామయ్య పగలంతా పెళ్ళాం ఈగల నోటి దగ్గర కూడు లాగేసి, సాయంత్రం ఆ పెళ్ళాం చేతి కూడే తినేవాడన్నమాట. కంచె పోయినప్పుడల్లా ఏదో ఒక పెట్టె ఖాళీ అయ్యేది. అత్తయ్య ఆ ఖాళీ పెట్టెలను పారెయ్యకుండా వరండాలో మామయ్య కుర్చీ పక్కనే పేర్చింది.

"కూర్చోండి, మీరు గెల్చుకొచ్చిన బహుమతులే ఇవి," అనేది.

"నేను మానితే ఇంకొకడు తోస్తాడే."

"తోయనీండి. వాడికి నేను క్యారేజీ కట్టక్కర్లేదుగా."

చివరికి ఈగలు ఎగిరి వెళ్ళగలిగినంత దూరంలో ఒకే ఒక్క కంచె మిగిలింది. అది వాళ్ళ పెరటి వెనక పొలం ఆసామిది. ఆ పనీ మామయ్యకే వచ్చింది.

"ఇది కూడా పోతే ఉన్న పెట్టెలన్నీ మూసెయ్యడమే," అంది అత్తయ్య. మామయ్య తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి రెండు కొసలూ చదునైపోయాయి. నడుమ ఒక బస్సు పొడవు పొద మిగిలింది. అత్తయ్య క్యారేజీ తెచ్చింది; తమాషా చూద్దామని నేనూ వెంట వెళ్ళాను. మామయ్య బుల్డోజర్ ఆపి దిగాడు. మరుక్షణం పొద ముందు నేల మీద బోర్లా ఉన్నాడు. లేవలేదు. పొద అడుగుకే చూస్తున్నాడు. మేమూ వంగి చూశాం.

బస్సు పొడవన్నాను కదా, లోపల కూడా బస్సులాగే కిక్కిరిసి ఉంది. కుందేళ్ళు, తొండలు, రెక్కల కింద పిల్లల్ని దాచుకున్న కౌజుపిట్ట, ఒక ముంగిస, దానికి కాస్త అవతలే పాము. జన్మవైరాన్ని ఆ పూటకు వాయిదా వేసుకున్నాయి. "సర్దుకో తమ్ముడూ" అని పాము ముంగిసకు చోటిచ్చిందని నేనంటాను. అత్తయ్య ఒప్పుకోదు.

"ఇవి పారిపోవేంటే?" అన్నాడు మామయ్య.

"ఎటు పోతాయి? అటూ మీరే, ఇటూ మీరే."

మామయ్యకు అన్నేళ్ళూ ఆ నడిమి ముక్కతో పాటు ఏమేం లేపేశాడో అప్పుడు తెలిసినట్టుంది. పైన సీట్లో కూర్చుంటే బ్లేడు అవతల ఏముందో కనిపించదు మరి.

ఆసామి మోటారు సైకిల్ మీద వచ్చాడు. "ఏమయ్యా, నడినెత్తి మీద బొప్పిలా ఆ ముక్క వదిలేశావేంటి?"

"అది నేను తియ్యనండీ."

"కుందేళ్ళేమైనా కౌలు కడతాయా నాకు?"

"కట్టవు. మీ యంత్రం తిరగాలి, అంతేగా?" మామయ్య బుల్డోజర్ ఎక్కి పొద చుట్టూ తిరిగొచ్చాడు. మలుపు ఇరుకైన చోట నేల చదును చేసి మళ్ళీ తిరిగాడు.

ఆసామి తల గోక్కున్నాడు. "ఒక్క కోత చూస్తాను. యంత్రం ఎక్కడైనా ఇరుక్కుందో, మర్నాడే ఇంకొకణ్ణి పిలుస్తా."

ఇరుక్కోలేదు. పొద ఉండిపోయింది. అత్తయ్య పెట్టెల్లో మూడు నిలిచాయి. మిగతావి ఇంకా కుర్చీ పక్కనే ఉన్నాయి. ఒకప్పుడు పొద్దున్నే వినిపించే కౌజుల గోల మాత్రం తిరిగి రాలేదు. మామయ్య ఇప్పటికీ కంచెలు తీస్తాడు, ఇల్లు గడిచేది దానితోనే. కాకపోతే ఒకే కొస నుంచి, మెల్లగా, లోపలివి అవతలి కాలువ గట్టుకు దాటేదాకా ఆగి ఆగి తోస్తాడు. వాన పడినప్పుడు ఆ పొద కొమ్మలు కోసుకొచ్చి పెరటి అంచున నాటుతున్నాడు.

ఇదంతా రాసి ఆయనకే చదివి వినిపించాను. బుల్డోజర్‌కి అడ్డంగా పడుకున్న చోట గొంతు కూడా పెంచాను. ఆయన చెవి గోక్కుంటూ అన్నాడు:

"పడుకోవడమేంట్రా అల్లుడూ? దిగుతుంటే మెట్టు మీద కాలు జారింది. జారకపోతే అన్నం తిని ఆ ముక్క కూడా తోసేసేవాణ్ణి."