మూతపడ్డ రాత

కాజీపేటలో ఉండే మా జువాలజీ మేడం సోమవారం పొద్దున కన్నుమూశారు. దవాఖాన ల్యాబులో నేను ఎవరిదో రక్తం స్లైడు చూస్తుండగా కబురు వచ్చింది. ఆ స్లైడు పూర్తిచేసి గాని లేవలేదు. మధ్యలో లేవకూడదని నేర్పింది ఆవిడే.

డిగ్రీలో మూడేళ్లు ఆవిడ దగ్గర చదువుకున్నాను. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకునేవారు, తర్వాత వాటి కోసం గదంతా వెతికేవారు. మేం చెప్పేవాళ్లం కాదు. ఆవిడకే గుర్తొచ్చి నవ్వేవారు. ఎవరైనా పుస్తకంలో చూసి బొమ్మ గీస్తే, "నీ కండ్లకు కనవడ్డది గియ్యి. పుస్తకంల ఉన్నది నాకెర్కే" అనేవారు.

రెండేళ్ల కింద ఆవిడకు రక్త క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో మందులు ఎక్కించుకుని, జుట్టంతా రాలిపోయి, తల మీద కొంగు కప్పుకుని మళ్లీ క్లాసుకు వచ్చారు. నిరుడు వానాకాలం దాకా బాగానే ఉన్నారు. అప్పుడొకరోజు మామూలు పరీక్షకు మా ల్యాబుకు వచ్చారు. స్లైడు మీద ఇంకా ఎదగని ఆ పెద్ద పెద్ద క్యాన్సర్ కణాలు కనిపించాయి. నేను తల ఎత్తలేకపోయాను. ఆవిడ లేచి వచ్చి నన్ను పక్కకు జరగమని, చాలాసేపు చూశారు.

"మల్లొచ్చినయ్ గద. నువ్వెందుకు భయపడతానవ్? సరిగ్గనే చూసినవ్" అన్నారు.

ఈసారి పాత మందులకు జబ్బు లొంగలేదు. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. మేడం భర్త, మేం సార్ అని పిలిచే ఆయన, రైల్వేలో గార్డు. డ్యూటీ మీద సికింద్రాబాద్ వెళ్లినప్పుడల్లా లైబ్రరీలో వైద్య పత్రికల కాపీలు తీయించి తెచ్చేవారు. వాటిలో ఒక కొత్త మందు సంగతి ఉంది. తక్కువ మోతాదులో ఇస్తే, క్యాన్సర్ కణం మరిచిపోయిన తన పనిని మళ్లీ మొదలుపెట్టవచ్చట. మేడం ఆ పరిశోధన చేస్తున్న విదేశీ డాక్టరుకు ఉత్తరం రాశారు. రెండు నెలలకు జవాబొచ్చింది. మందు ఇంకా పరీక్షల్లోనే ఉందనీ, పంపే వీలు లేదనీ, మన్నించమనీ రాశాడు. సార్ వంటింట్లోకి వెళ్లి ఏడ్చారు. మేడం ఆ ఉత్తరంతో వచ్చిన వ్యాసం చదువుతూ కూర్చున్నారు.

మరుసటి వారం దాన్నే క్లాసులో పాఠం చెప్పారు. నన్నూ రమ్మన్నారు. నిలబడే శక్తి లేక కుర్చీలో కూర్చునే మాట్లాడారు.

"ప్రతి కణంల అది చెయ్యాల్సిన పనుల మొత్తం రాత ఉంటది. క్యాన్సర్ కణంల కొంత రాత చెడిపోతది. కొంత చెడిపోదు, దాని మీద మూత పడ్తది. కణం దాన్ని చదవలేదు. ఆ మూత తీసే మందులు వస్తానయ్."

ముందు బెంచీలోని, ధర్మసాగర్ ఊరి నుంచి వచ్చే పిల్ల లేచి, ఆ మందు మీకు దొరుకుతదా మేడం అని అడిగింది.

"నాకు అందదు బిడ్డా. అది వచ్చేదాక నేనుండ. గానీ వచ్చిననాడు అదేందో తెలిసినోళ్లు ఈడ ఉండాలె గద."

తనకు దక్కని మందు గురించి అంత ఓపికగా ఎలా చెప్పగలిగారో అర్థం కాక ఆవిడ మీద కోపమే వచ్చింది నాకు. తిరిగి వస్తుంటే రిక్షాలో నా భుజం మీద తల వాల్చి, "బతకాలని ఉన్నదే" అన్నారు. ఒక్కసారే. నేను ఆవిడ చేయి పట్టుకున్నాను.

మంగళవారం మేడంను మట్టి చేసి, సమాధుల తోట నుంచి సార్‌తో కలిసి పట్టాల పక్క దారిన నడిచి వస్తుంటే, గూడ్సు బండి ఒకటి ఉత్తరం వైపు పోయింది. చివరి పెట్టెలోని గార్డు సార్‌ను గుర్తుపట్టి జెండా దించాడు. సార్ అలవాటుగా చేయి ఎత్తారు. బండి కనుమరుగైంది, పట్టాల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ చేయి ఇంకా పైనే ఉంది.