శిఖంలో ఎవరూ లేరు

మా ఆఫీసు సూరత్ రింగ్ రోడ్‌లో, చీరల మార్కెట్ వెనక ఒక బిల్డింగులో, నాలుగో అంతస్తు. లిఫ్టులో మనుషులకన్నా బట్టల మూటలే ఎక్కువగా ఎక్కుతుంటాయి. మేం చేసేది మ్యాపులు, ప్రణాళికలు. మేనేజరు గుజరాతీ ఆయన. ఒకరోజు నన్ను పిలిచి తెలంగాణ నుంచి ఒక రిజర్వాయరు పని వచ్చిందన్నాడు. దాని చుట్టూ ఉన్న సర్కారు భూములను రాబోయే ఇరవై ఏళ్ళు ఎలా చూసుకోవాలో రాసివ్వాలట. "నీకు తెలుగు వచ్చు కదా, నువ్వే చూడు" అని ఫైలు నా ముందు పెట్టాడు. తెరిచి చూస్తే అది మా రిజర్వాయరే. మా ఊరు మునిగింది దాని కిందనే. ఆ మాట ఆయనతో చెప్పాను. "అయితే ఇంకా మంచిది" అన్నాడు.

నాకు సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు. అంతకు కొన్ని నెలల ముందే మా బాపు పోయాడు. ఆ తర్వాత నా ఒళ్ళంతా మొద్దుబారినట్టు ఉండేది. వేళకు ఆఫీసుకు పోయేదాన్ని, వేళకు వచ్చేదాన్ని. అన్నం తిన్నావా అని ఎవరైనా అడిగితే ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చేది.

ఊరు మునిగాక మా వాళ్ళలో సగం మంది సూరత్‌కు వచ్చి లింబాయత్‌లో సాంచెల మీద పడ్డారు. కరెంటు మగ్గాన్ని మా వైపు సాంచె అంటారు. బాపు, ఆయన తమ్ముడు, అంటే మా చిన్నబాపు, ఒకే కార్ఖానాలో చెరో వరుస నడిపేవారు. చిన్నమ్మ మాత్రం రానంది. గట్టు మీద సర్కారు ఇచ్చిన జాగాలో ఉండిపోయింది. ఎండాకాలం దగ్గరపడి నీళ్ళు దిగితే రిజర్వాయరు అంచున నేల బయటపడుతుంది. దాన్నే శిఖం అంటాం. ఆ నేల సర్కారుదే, కానీ మా ఊళ్ళో ఎవరి ముక్క ఎవరిదో అందరికీ తెలుసు. మునిగిన తమ పాత పొలానికి దగ్గరగా ఎవరికి వారు హద్దుగా గెట్లు పెట్టుకున్నారు. చిన్నమ్మ నువ్వులు, పెసర్లు వేస్తుంది. వానలు పడి నీళ్ళు మళ్ళీ ఎక్కేలోపు పంట ఇంటికి రావాలి. చిన్నబాపు ఏటా కార్ఖానా సేఠ్‌ను బతిమాలి ఆ పనికి పోయి వచ్చేవాడు.

ఆయనకు ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. దారాల దుమ్ము అంతా గుండెల్లోకి పోయింది. "ఈ ఏడు ఆఖరు బిడ్డ. ఇగ పోత. శిఖంల నువ్వులేసుకొని మీ చిన్నమ్మ, నేను ఇంత గంజి తాగుతం" అని ఎన్నో ఏళ్ళుగా అంటున్నాడు. ఈసారి మాత్రం నిజంగానే సేఠ్‌కు చెప్పేశాడు. ఆయనకున్న ఆధారమంతా ఆ ముక్కే.

మ్యాపులో ఆ అంచుకు రెండు రంగుల్లో ఒకటి వేయాలి. పసుపు వేస్తే నీళ్ళు దిగాక సాగు చేసుకోవచ్చు, ఏడాదికోసారి పర్మిషన్ ఇస్తారు. ఆకుపచ్చ వేస్తే చెట్లు నాటి కంచె కడతారు. పసుపు పడాలంటే ఒకటే షరతు. సాగు చేస్తున్నవాళ్ళు మీటింగులో లేచి, మేం చేస్తున్నాం అని చెప్పి పేరు రాయించుకోవాలి. ఊరు సగం ఇక్కడే ఉంది కాబట్టి ఒక మీటింగు లింబాయత్‌లోనే పెట్టారు. ముందురోజు చిన్నబాపు గదికి పోయి ఇదంతా విడమరిచి చెప్పాను.

"ఏంది? సర్కారు జాగల దున్నుతున్నమని మనమే పోయి సర్కారోనికి చెప్పాల్నా?"

"చెప్పాలె. చెప్పినోళ్ళకే ఇస్తరు."

"నీకు పిచ్చిగిన లేసిందా బిడ్డ? ఎనకట గిట్లనే ఒక సారు అచ్చిండు. ఎవలెవలు దున్నుతున్నరో చెప్పుండ్రి, కాయితాలు ఇప్పిస్త అన్నడు. చెప్పినోళ్ళ ఎడ్లు బందెలదొడ్డికి పోయినయ్. నోరు మూసుకున్నోళ్ళ ఎడ్లు కొట్టంల ఉన్నయ్."

"అది అప్పటి ముచ్చట చిన్నబాపు. గిప్పుడు రాసేది నేను."

చాయ్ తాగి గ్లాసు కడిగి బోర్లించాడు. తర్వాత, "సరే తియ్. నువ్వు చెప్తున్నవ్ గద, చెప్త" అన్నాడు. నమ్మాను.

మా కులపోళ్ళ హాలులో మీటింగు జరిగింది. నీటిపారుదల శాఖ నుంచి వచ్చిన అధికారి మంచివాడే. బెదిరించలేదు. కుర్చీ ముందుకు జరుపుకొని, "నీళ్ళు దిగినంక శిఖంల ఎవరైనా సాగు చేస్తున్నరా? భయపడకుండా చెప్పుండ్రి, మీ మంచికే" అన్నాడు. మీ మంచికే అనకుండా ఉంటే బాగుండేది. ఆ మాట వినగానే అందరూ నేలచూపులు చూశారు. మా ఊళ్ళో పిల్లలకు నడకతో పాటే నేర్పే సంగతి ఒకటుంది. కాయితం పట్టుకొని వచ్చినవాడు ఏం అడిగినా లేదనాలి.

"గా బురదల ఎవలు చేస్తరు సార్?" అన్నాడు ముందు వరుసలోని ముసలాయన. అందరూ నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు లేదు, లేదు అన్నారు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరు అనిపించుకుంటారు? నేను చిన్నబాపు వైపు చూశాను. ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. లేచి నిలబడ్డాడు. అధికారిని చూశాడు. ఆయన పక్కనే లాప్‌టాప్ ముందు కూర్చున్న నన్ను చూశాడు.

"లేదు సార్. ఖాళీగనే ఉంటది."

"సార్, వీళ్ళు భయపడి చెబుతున్నరు" అన్నాను. "వాళ్ళు చెప్పిందే రాయాలె కదమ్మా" అన్నాడాయన. ఆ మాటలో తప్పేముంది? రాశాను. కింద అందరూ సంతకాలు పెట్టారు.

బయట చాయ్ బండి దగ్గర చిన్నబాపును నిలదీశాను. ఆ ఏడాదంతా నాకు కోపం వచ్చింది ఆ ఒక్కసారే.

"ఏం పని చేసినవ్ చిన్నబాపు! నిన్న ఒప్పుకుంటివి గద!"

"ఒప్పుకున్న. చెప్దామనే లేసిన. లేసినంక నిన్ను చూసిన. సారు పక్కపొంటి కూసున్నవ్. సర్కారు జాగ కబ్జా పెట్టింది మీ చిన్నబాపేనా అని రేపు నిన్ను అడగరా? మీ బాపు సాంచెల నడుమ సచ్చి నిన్ను చదివిచ్చిండు. నా పిడికెడు నువ్వుల కోసం నీ నౌకరి పోవాల్నా?"

"పోదు! పోదని చెప్పిన గద!"

"గట్లనే అంటరు బిడ్డ" అని నవ్వి, నా చాయ్‌లోకి బిస్కెట్ ప్యాకెట్ కూడా కొన్నాడు. ఆయన ముఖంలో ఎంత తృప్తి ఉందో! అన్న పోయాక అన్న బిడ్డకు తాను చేయగలిగింది చేశానని. నేను బిస్కెట్ తిన్నాను.

మర్నాడు మేనేజరుకు అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "రాసింది తప్పు అంటున్నది ఎవరు? నువ్వు. ఆయన నీకేమవుతాడు?" అన్నాడు. చెప్పాను. "మరి ఇప్పుడు నువ్వే పసుపు వేస్తే జనం ఏమంటారు?" అన్నాడు. ఇంకో మీటింగు పెట్టమని శాఖకు రాశాం. గడువు లేదన్నారు. చిన్నమ్మకు ఫోన్ చేసి నువ్వన్నా అర్జీ పెట్టు అన్నాను. "అందరు లేదన్నంక నేనొక్కదాన్ని ఉన్నదంటే, సంతకాలు పెట్టినోళ్ళంతా అబద్ధాలకోర్లు కారా? చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏమస్తది బిడ్డ" అని ఫోన్ పెట్టేసింది.

శిఖమంతా ఆకుపచ్చ వేశాను. పక్కన నడకదారి గీశాను, కూర్చోవడానికి బల్లలు పెట్టాను. పాత గెట్లు ఉపగ్రహం తీసిన ఫొటోలో సన్నగా కనబడుతూనే ఉన్నాయి. వాటి మీద రంగు పడ్డాక కనబడలేదు. ప్రణాళిక మంజూరైన రోజు మేనేజరు అందరికీ ఘారీ మిఠాయి పంచాడు. తిన్నాను. తియ్యగానే ఉంది.

ఆ ఆదివారం లింబాయత్ పోయి చిన్నబాపుకు చెప్పాను.

"అంటే, ఇగ ఎయ్యరాదు."

"ఎయ్యరాదు."

"సేఠ్‌కు చెప్పాలె మల్ల, పోతలేనని." గోడ పట్టుకొని లేచి, "జర కింది రూము ఏదన్న చూడు బిడ్డ. గీ మెట్లు ఎక్కొస్తలేదు. మీ చిన్నమ్మను గూడ పిలిపిస్త, ఆడ ఒక్కతి ఏం చేస్తది?" అన్నాడు.

రెండు సందుల అవతల కింది రూము ఒకటి దొరికింది. ఓనరు మరాఠీ ఆయన. ముసలివాళ్ళకు ఇవ్వను, మధ్యలో ఊరికి పోయి తాళం వేసి పెడతారు అన్నాడు. ఎక్కడికీ పోయేది లేదు సేఠ్, ఇక ఇదే మా ఊరు అని చిన్నబాపు హిందీలో చెప్పాడు. ఓనరు ఇంకా నాన్చుతుంటే నేను నా ఆఫీసు కార్డు తీసి చూపించి, జామీను నేను ఉంటానన్నాను. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, తాళంచెవి ఇచ్చాడు.

చిన్నబాపు తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు. కిటికీ లేదు. పక్క కార్ఖానాలో సాంచెలు ఆడుతుంటే గోడ అదురుతోంది. ఆయన నా వైపు తిరిగి ముఖం నిండా నవ్వాడు.

"చూసినవా? నీ నౌకరి ఉండబట్టి రూమన్న దొరికింది. ఆనాడు నేను నోరు జారితే ఏమయ్యేది చెప్పు?"

ఏమీ అయ్యేది కాదు చిన్నబాపు, నువ్వు నీ ఊళ్ళో ఉండేవాడివి. ఆ మాట నోటిదాకా వచ్చింది. "అవును" అన్నాను.