చోప్ చేసిన చోటు

మా ఆయన మల్లికార్జునరావు చేత పళ్ళు కట్టించాలని ఇరవై ఏళ్ళు పోరాను. వింటేనా! "ముద్ద దిగుతోంది కదే, ఇంకెందుకు?" అనేవారు.

తంజోంగ్ పగార్ రేవులో మూటలు మోసిన మా మామగారికి ఒక్కగానొక్క కొడుకు. బడి బ్యాండులో ట్రంపెట్ పట్టుకున్న మనిషి, పెద్దయ్యాక హోటళ్ళలో జాజ్ వాయించే దాకా వెళ్ళారు. అనకాపల్లి నుంచి సముద్రం దాటి ఈ దేశానికి కాపురానికి వచ్చిన నాకు జాజ్‌లో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ ఆయన కళ్ళు మూసుకుని ఊదుతుంటే నాకు కడుపు నిండిపోయేది.

ఓ వానరోజు సైకిలు జారి ముందు పళ్ళు ఊడాయి. పళ్ళు లేని నోట ట్రంపెట్ పలకదు. ఆ తరవాత సోల్ అనే ఇంగ్లీషు పాటలు పాడేవాళ్ళకి, ఏ వాద్యం ఎక్కడ అందుకోవాలో కాగితం మీద రాసిచ్చే పనిలో పడ్డారు. పేరు కూడా వచ్చింది. అయితే ప్రతి పాట మధ్యలో కాస్త చోటు ఖాళీగా వదిలేసేవారు. అక్కడ డ్రమ్ములు తప్ప ఇంకేమీ మోగవు.

"ఏటండీ ఆ బోసి?" అనడిగాను ఓసారి.

అప్పుడు హాకర్ సెంటర్లో, అదే తిండి అంగళ్ళన్నీ ఒక్క కప్పు కింద ఉండే చోట, ఉన్నాం. తిండి తేవడానికి లేస్తూ, ఎవరూ కూర్చోకుండా బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి, ఇక్కడి మాటలో చెప్పాలంటే, సీటు చోప్ చేశారు. ఆ ప్యాకెట్టే చూపించి, "అదీ ఇలాంటిదేనే. నా చోటు. మళ్ళీ వచ్చి కూర్చుంటాను," అన్నారు.

"అయితే పళ్ళు కట్టించుకోండి!"

"కట్టించుకున్నాక కూడా పలక్కపోతే?"

ఆ మాటంటూనే తిండి తేవడానికి వెళ్ళిపోయారు.

మా అరుంధతి కంప్యూటర్ ఉద్యోగంలో చేరింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై టూ కే హడావిడి. పిల్ల ఇంటిపట్టున ఉంటే కదా. అయినా నాన్న షష్టిపూర్తికి బుకిట్ బటోక్‌లో హాలు మాట్లాడింది. ఆయన రాసిన పాట ఒకటి ఆఫీసు స్నేహితులతో వాయిస్తానంది. మర్నాడే ఈయన పళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తారు! ఇరుగుపొరుగు తిట్టకుండా ట్రంపెట్ మూతిలో గుడ్డ కుక్కి, వంటింట్లో సాధన. పెదాలు చిట్లి నెత్తురొచ్చినా మానలేదు. అమ్మాయికి చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు.

షష్టిపూర్తి రోజు తెర పక్కన ఇద్దరం నిలబడ్డాం. పాట ఊపందుకుంది. ఆయన చోటు వస్తోంది. ట్రంపెట్ పెదాలకి ఆనించి, గుండెల నిండా ఊపిరి పీల్చారు.

వేదిక మీద అమ్మాయి పెట్టుకున్న కంప్యూటర్‌లోంచి ట్రంపెట్ మోగింది.

ఒక్క తప్పు లేదు. జనం చప్పట్లు. ఓరి భగవంతుడా, పీల్చిన ఊపిరి ఆయన గుండెల్లోనే ఉండిపోయింది. మెల్లగా వదిలి, ట్రంపెట్‌ని సంచిలో పెట్టేశారు.

అరుంధతి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, మధ్యలో గ్యాప్ వదిలేశావ్, మర్చిపోయావ్ కదా? నేనే ఫిల్ చేశా. సర్‌ప్రైజ్! ఓకేనా?"

నాకు అసలు సంగతి నోటి దాకా వచ్చింది. ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కారు.

"కంప్యూటరు నాకన్నా బాగా వాయించిందమ్మా," అని అమ్మాయి తల నిమిరారు. దానికేం తెలుసు, పిచ్చిది. ఎంత మురిసిపోయిందో!

ఆ ఆదివారం ముగ్గురం హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. పళ్ళు ఇంట్లోనే వదిలేసి వచ్చారాయన. అరుంధతి బ్యాగులోంచి టిష్యూ ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టబోయింది. ఆయన దాన్ని తీసి తిరిగి అమ్మాయి చేతిలో పెట్టారు.

"వద్దులేమ్మా. ఎవరైనా కూర్చోనీ."