ఫ్రిజ్‌లో సాలమ్మ ఇల్లు

ఉమామహేశ్వర్ గారింటికి నేను మొదటిసారి వెళ్లింది పోట్లాడటానికే. చిల్కానగర్‌లో వాళ్ల పైవాటాలో అద్దెకు దిగి నెల కూడా కాలేదు. అప్పుడప్పుడే నడక నేర్చిన మా పాప, మెట్ల కింద వరుసగా ఉన్న కూల్‌డ్రింక్ సీసాల్లో ఒకదాన్ని పట్టుకుని మూత కొరుకుతోంది. లోపల టీ రంగు నీళ్లు. సీసాను ఎవరో నడుము దగ్గర సొట్టపడేలా నొక్కి మూత బిగించారు. నాచారంలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని కాబట్టి వాసన చూడగానే అది కెమికల్ అని తెలిసింది.

"అంకుల్, పిల్ల ఇది తాగితే ఏమయ్యేది?"

"తప్పయింది బిడ్డా. గిది ఫోటోలు కడిగె డెవలపర్, గాలి తగుల్తె సచ్చిపోతది. గందుకే సీసను ఒత్తి మూత వెడ్త."

"ఇరవై ఏండ్ల సంది నేను మొత్తుకుంటున్న," లోపల్నుంచి ఆయన భార్య అనంతలక్ష్మి గారి గొంతు. "మా ఇంట్ల తానం జెయ్యాల్నంటె ముందుగాల ఫోటోలను అడగాలె!"

ఆ సాయంత్రమే ఆయన గోడకు ఎత్తున అర కొట్టి, సీసాలన్నీ అందులో పెట్టి, తాళం వేసి, రెండో తాళంచెవి నా చేతికిచ్చారు. అప్పటినుంచి మాకు మాటలు కలిశాయి.

ఆయనది జనగామ దగ్గర ఒక పల్లె. పద్దెనిమిదేళ్లకు నాచారం వచ్చి ప్రెస్సులో కెమెరా సెక్షన్‌లో చేరారు. అచ్చువేయాల్సిన పేజీలను ఫిల్ము మీదికెక్కించడం పని. పాతికేళ్లు చీకటి గదిలోనే గడిచాయి. కంప్యూటర్లొచ్చి సెక్షన్ మూసేశాక ఆయన్ను బైండింగ్‌కు మార్చారు. పాత సామాను తుక్కుకు వెళ్తుంటే యజమానిని అడిగి బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జరు, నాలుగు ట్రేలు, డెవలపర్‌లో కలిపే మెటాల్ పొడి డబ్బా ఒకటి తెచ్చుకున్నారు. ఇంట్లో స్నానాలగదే డార్క్‌రూమ్ అయింది.

2012 వేసవిలో ఉప్పల్‌లో రోడ్డు వెడల్పుకు కొన్ని ఇళ్లు పోయాయి. మాకు పాలు పోసే సాలమ్మది అందులో ఒకటి. కూల్చే ముందురోజు ఆమె పిలిస్తే ఉమామహేశ్వర్ గారు వెళ్లి ఒక రీలు, ముప్పైఆరు ఫోటోలు తీశారు. తెల్లారేసరికి ఇల్లు లేదు. తీరా కడుగుదామని చూస్తే సీసాల్లో మందు అయిపోయింది, ఆయన దగ్గరున్న ఆఖరి డెవలపర్ పాకెట్ రాయిలా గడ్డకట్టి ఉంది. కోఠి దుకాణంలో మూడు వారాలుగా ఒకటే జవాబు, వచ్చే వారం వస్తుందని. చివరికి దుకాణాయన నిజం చెప్పేశాడు: "పెద్దాయనా, అడిగెటోళ్లు మీరొక్కరే. ఎవలి కోసం తెప్పియ్యాలె?" కలర్ ల్యాబుల్లో ఇస్తే వాళ్ల మెషీను నలుపు తెలుపు బొమ్మను పూర్తిగా తుడిచేస్తుంది. ఎండకు రీలు పాడవకుండా పెరుగు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచారు.

రోజూ పొద్దున సాలమ్మ అడిగేది. "తమ్మీ, నా ఇల్లు కడిగినవా?"

"ఇంక ఫ్రిజ్‌లనే ఉందక్కా."

"చల్లగుండనీ తియ్యి. నేనైతె రేకుల కింద ఉడుకుతున్న."

ఆ మాట ఆయన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ప్రెస్సు నాటి నోటుపుస్తకం తీసి, డెవలపర్ తానే కలపాలని నిశ్చయించుకున్నారు. మెటాల్ ప్రెస్సు నుంచి తెచ్చిన డబ్బాలో ఉంది. వెలిగారం ఉప్పల్ మార్కెట్‌లో మూలికల దుకాణంలో దొరికింది. మందు గాలికి పాడవకుండా కాపాడే సోడియం సల్ఫైట్‌ను ఇంకో దుకాణంవాళ్లు మూతి విప్పిన సంచిలోంచి తీసి పాలిథీన్ కవర్లో పోసిచ్చారు. కలిపి, ఒక ఫిల్ము ముక్కను పగటి వెలుగులోనే ముంచారు. మందు బతికుంటే ముక్క కాకిలా నల్లబడాలి. అది బూడిదరంగుకొచ్చి ఆగిపోయింది. నీళ్లు మాత్రం గోధుమరంగుకు తిరిగాయి.

"మెటాల్ పాతదైంది. డబల్ టైమ్ ఉంచుత," అన్నారు రీలు కోసం లేస్తూ.

"ఒక్క నిమిషం అంకుల్." పాపకు దెబ్బలు తగిలితే రాయడానికి దాచిన టింక్చర్ అయోడిన్ తెచ్చాను. ఆ సల్ఫైట్‌ను కాసిని నీళ్లలో కలిపి ఒక చుక్క వేశాను. సల్ఫైట్ మంచిదైతే రంగు వెంటనే మాయం కావాలి. అలాగే ఉండిపోయింది. "దీనికి ఎప్పుడో గాలి తగిలింది. ఇప్పుడిది వేరే ఉప్పు."

ఆయన తల పట్టుకున్నారు. "ఇన్నేండ్లు సీసలొత్తిన మనిషిని, మూతిడిసిన సంచిల సరుకు తెచ్చిన్నా!"

"పిల్ల పనిజేసే కాడ ఉండదా? జరంత తెమ్మనరాదు," అన్నారు అనంతలక్ష్మి గారు.

"వద్దు. ప్రెస్సుల అడగకుంట గుండుసూది గూడ తేలే. ఇంక గీ పిల్లతోని తెప్పిస్తనా?"

నాలుగు శనివారాలు నాచారం కెమికల్ దుకాణాలు తిరిగాం. ఆయన స్కూటర్ మీద నేను, నా ఒళ్లో పాప. నాలుగో వారం ఒకచోట సీలు విప్పని సల్ఫైట్ సీసా దొరికింది, ఎవరో కాలేజీవాళ్లు తెప్పించమని చెప్పి తీసుకోనిది. చుక్క వేయగానే అయోడిన్ రంగు ఎగిరిపోయింది. ఫిల్ము ముక్క రెండు నిమిషాల్లో కాకి నలుపయింది.

మర్నాడు మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు మరిగిపోతుంటే రంజన్ కుండలోని చల్లటి నీళ్లు వాడారు. స్నానాలగది తలుపు సందుకు బొంత కుక్కి, చీకట్లో రీలును ఫిల్ము కడిగే డబ్బాలోకి ఎక్కించి మందు పోశారు. నేను మెట్ల మీద పాపనెత్తుకుని నిమిషాలు గట్టిగా చెప్పాను. పన్నెండో నిమిషానికి ఆయన మందు వంపేశారు. బొమ్మను నిలబెట్టే హైపోలో ముంచడం అయ్యాక, ఆయన తడి ఫిల్మును వెలుగుకు పట్టి ఒక్కో బొమ్మ లెక్కపెట్టారు. ముప్పైఒకటి నిలిచాయి. ఫ్రిజ్‌లో పెట్టకముందే ఎండ తిన్నదో ఏమో, చివరి ఐదు మసకబారాయి.

మూడో రోజు సాలమ్మ పాలక్యాను దించి, కొంగుకు చేతులు తుడుచుకుని ప్రింటు అందుకుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గిదేంది తమ్మీ? నా ఇల్లు గింత చిన్నగుండెనా?"

"కాయిదం చిన్నదక్కా."

"మరి పెద్దగ జెయ్యి. మా కోడండ్లు ముగ్గురు, మూడు కావాలె."

ఆయన లోపలికెళ్లి పెద్ద ఫోటో కాగితాల పెట్టె తెచ్చారు. వెలుగు తగిలితే కాగితాలు పాడవుతాయి కాబట్టి మూత తీయకుండానే చెవి దగ్గర పెట్టి ఆడించారు. గలగలమంది. రెండో మూడో ఉన్నాయి.

"రెండైతె పక్కా. మూడోదానికి కాయిదం కోసం రేపు కోఠికి వోయొస్త," అన్నారు చెప్పులు వెతుక్కుంటూ. "రేపెందుకు, ఇయ్యాల్నే వోత."